మొదటి ముడి దగ్గర ఎవరున్నారు?

చిరిగిన వలను బాగుచెయ్యాలంటే ముందు కత్తి తీసుకుని ఆ చిరుగును ఇంకాస్త పెద్దది చెయ్యాలి. తెలియనివాళ్ళకు విడ్డూరంగా ఉంటుంది గానీ పద్ధతి అదే. పీత కొరికిన చోటో, రాయి పట్టిన చోటో వల తీరుగా తెగదు. ఒక కన్ను సగం తెగి వేలాడుతుంటుంది. పక్క కన్ను ముడి దగ్గర నలిగి ఉంటుంది. ఇంకొకటి పైకి బాగానే కనబడుతుంది, దారంలో బలం పోయి ఉంటుంది. వాటినట్టాగే ఉంచి పైన దారం చుడితే మరుసటి వేటకే మళ్ళీ అక్కడే పోతుంది. అందుకని నలిగినదంతా కోసేస్తారు. వలలో మామూలుగా ప్రతి ముడికీ నాలుగు కాళ్ళుంటాయి, అంటే నాలుగు వైపులకూ నాలుగు దారాలు. కోసిన అంచులో మూడు కాళ్ళు మిగిలిన ముడి ఒకదాన్ని చూసుకుని అక్కడ దారం కట్టాలి. మధ్యలో వచ్చే ముళ్ళన్నీ రెండు కాళ్ళవి అయ్యేట్టు కత్తిరించుకోవాలి. చివరికి ఇంకో మూడు కాళ్ళ ముడి దగ్గర పని ముగియాలి. ఇట్లా చేస్తే ఒక్క కన్ను ఎక్కువ రాదు, ఒక్క కన్ను తగ్గదు.

ఇది నాకు మా తాత నేర్పాడు, జువ్వలదిన్నె ఒడ్డున, తాటాకు పందిరి కింద. "మొదలు చూసి పట్టుకో పాపా. అది తప్పిందా, ఆఖర్న కన్ను మిగిలిపోతాది" అనేవాడు. ఆ మాట మా పాలెంలో అందరూ అనేదే. నాకు ముఖ్యమనిపించేది ఇంకో సంగతి. నేను ముడి వేస్తున్నంతసేపూ తాత తన పని పక్కన పెట్టి నా వేళ్ళ వంకే చూసేవాడు. ఊళ్ళో ఎవరి చేతా కాని వలలు ఆయన దగ్గరికి వచ్చేవి. అంత పనిమంతుడు ఒక చిన్నపిల్ల వేసే మొట్టమొదటి ముడి దగ్గర కూర్చుని, బొటనవేలు ఒక గింజంత పక్కకు జరిగినా పట్టుకునేవాడు. దారం లాగకముందే "ఆగు" అనేవాడు. లాగిన తర్వాత చెప్పి లాభం లేదు, ముడి బిగిసిపోతుంది.

నేనిప్పుడు కావలి వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయురాలిని. పిల్లలకు డ్రిల్లు మేడంని. ఆడపిల్లలకు కబడ్డీ, ఖోఖో నేర్పుతాను. ఆటలోనైనా ఉద్యోగంలోనైనా బతుకులోనైనా పైకి రావాలంటే పునాది గట్టిగా ఉండాలని ప్రతి సభలో చెబుతారు. పిల్లలు చప్పట్లు కొడతారు, ఇంటికి పోతారు. పునాది ఎవరు వేస్తారో, ఎట్లా వేస్తారో, వేసేటప్పుడు పక్కన ఎవరుండాలో చెప్పేవాళ్ళు తక్కువ. నేను రాయాలనుకున్నది దాని గురించే.

కబడ్డీతో మొదలుపెడతాను, నాకు బాగా తెలిసింది అదే గనక.

2014లో ప్రో కబడ్డీ లీగ్ టీవీలో మొదలైనప్పటి నుంచీ మా పిల్లలకు ఆ విన్యాసాలన్నీ నోటికి వచ్చు. చేతులు కలిపి అడ్డుకట్ట వేసిన ఇద్దరి కింద నుంచి దూరి వచ్చే దుబ్కీ, పట్టుకోవడానికి వంగినవాడి మీద నుంచి దూకే ఫ్రాగ్ జంప్, వెనక్కి తిరిగి కాలితో కొట్టే స్కార్పియన్ కిక్. ఆరో తరగతి పిల్ల కోర్టులోకి దిగిన మొదటిరోజే "మేడం, దుబ్కీ ఎప్పుడు నేర్పుతారు?" అంటుంది. ఆ ఉత్సాహం నాకు ఎంతో ఇష్టం. కాదనను. "ముందు నిలబడటం నేర్చుకుందాం రామ్మా" అంటాను.

నిలబడటంలో ఏముందనుకుంటారు. ఆడవాళ్ళ కబడ్డీ కోర్టు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. మధ్యగీత నుంచి బాక్ లైన్ 3 మీటర్లు, అక్కణ్ణించి ఇంకో మీటరు పోతే బోనస్ లైన్. కూతకు వెళ్ళిన పిల్లకు ఉండేది 30 సెకన్లు. ఎవరినీ తాకకుండా, బాక్ లైన్ దాటకుండా వెనక్కి వచ్చిందంటే అవుట్. ఎదుట ఆరుగురో ఏడుగురో ఉంటారు, కూత ఆగకూడదు, ఎవరు ఎటు కదులుతున్నారో చూడాలి. ఇన్ని పనుల మధ్య కాళ్ళ సంగతి ఆలోచించే తీరిక ఎక్కడిది? మోకాళ్ళు కొద్దిగా వంచి, నడుము కిందికి దించి, మడమ నేలకు మోపకుండా ముందుపాదం మీద బరువు ఉంచి కదలడం ముందే ఒంటికి పట్టేసి ఉండాలి. పక్కకు జరిగేటప్పుడు కాలి మీద కాలు పడకూడదు, పడ్డ ఆ క్షణంలోనే పట్టేస్తారు. మధ్యగీత ఎంత దూరంలో ఉందో వెనక్కి చూడకుండా కాళ్ళకు తెలియాలి. ఆట చివర్లో, ఊపిరి అందనప్పుడు, ఒక పాయింటు తేడాలో ఉన్నప్పుడు దుబ్కీ గుర్తుకు రాకపోయినా ఫర్వాలేదు. కాళ్ళు మాత్రం వాటి పని అవి చేసుకుపోవాలి.

మా తీరం పిల్లలకు ఇక్కడ ఒక చిక్కుంది. ఇసకలో పరిగెత్తి పెరిగినవాళ్ళు, పిక్కలు రాళ్ళలాగా ఉంటాయి. ఇసక అడుగును లోపలికి లాక్కుంటుంది కాబట్టి పాదం మొత్తం ఆనించి నడవడం అలవాటవుతుంది. గట్టినేల మీద, మ్యాట్ మీద ఆ అలవాటు ఒక అరక్షణం ఆలస్యం చేస్తుంది. అది పిల్లకు తెలియదు, బలంగా పరిగెడుతున్నాననే అనుకుంటుంది. పక్కనుంచి చూసేవాళ్ళకే కనబడుతుంది.

పట్టులోనూ అంతే. చీలమండ పట్టేటప్పుడు పిల్లలందరి కళ్ళూ చేతుల మీదే ఉంటాయి. నేను ముందు చూసేది తల. తల కూతకు వచ్చిన రైడర్ మోకాలికి ఎదురుగా ఉంటే పట్టు దొరికినా మూతి పగులుతుంది. తల పక్కకు పోవాలి, రెండు చేతులూ ఒకదానికొకటి బిగియాలి, పట్టిన కాలిని పైకెత్తి తన వైపుకు లాక్కోవాలి. ఇదంతా ముందు కదలకుండా నిలబడ్డ మనిషి మీద చేయిస్తాను, తర్వాత నడిచే మనిషి మీద, ఆ తర్వాతే కూతకు వచ్చిన మనిషి మీద. మ్యాచ్ ఎప్పుడు పెడతారని పిల్లలూ అడుగుతారు, తల్లిదండ్రులూ అడుగుతారు. కొన్ని వారాల పాటు ఆ ప్రశ్నను భరించే ఓపిక లేకపోతే ఈ పని చెయ్యలేం.

మన తెలుగునాట పెద్ద విజయాల కథలు విప్పి చూస్తే ఇదే కనబడుతుంది. 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయని అందరికీ తెలుసు. ఆ పల్లెలో బారు ఎట్లా పట్టుకోవాలో, నడుము ఎట్లా నిలపాలో ఆమెకు మొదట చెప్పిన నీలంశెట్టి అప్పన్న గారి పేరు ఎంతమందికి తెలుసు? బ్యాడ్మింటన్‌లో పి.వి. సింధు అనగానే కోచ్ గోపీచంద్ గుర్తొస్తారు. గుర్తురావాల్సిందే. అయితే సికింద్రాబాదులో రైల్వే సిగ్నల్ ఇంజనీరింగ్ సంస్థ కోర్టుల్లో ఆ పిల్లకు రాకెట్ పట్టడం నేర్పినాయన మెహబూబ్ అలీ. గోపీచంద్‌ను చిన్నతనంలో తీర్చిదిద్దినవారిలో ఎస్.ఎం. ఆరిఫ్ ఒకరు. చదరంగంలో కోనేరు హంపి 15 ఏళ్ళ వయసులో, 2002లో గ్రాండ్‌మాస్టర్ అయిందంటే, ఆమె ఎదురుగా మొదటి రోజు నుంచీ కూర్చున్నది తండ్రి అశోక్. ఆమె 2019లో, మళ్ళీ 2024లో ప్రపంచ ర్యాపిడ్ విజేత అయింది. అన్నేళ్ళ తర్వాత కూడా గెలిపించిన ఆటకు మొదలు గుడివాడలోని ఆ ఇంట్లో పడింది.

గోపీచంద్ కథలో నాకు బాగా నచ్చే భాగం 2001 మార్చిలో చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించి ఆల్ ఇంగ్లండ్ గెలవడం కాదు. మోకాలికి శస్త్రచికిత్సలు చేయించుకుని అక్కడిదాకా వెళ్ళినాయన, ప్రకాశ్ పదుకొణె తర్వాత ఆ టైటిల్ తెచ్చిన రెండో భారతీయుడు, ఆ పేరుతో ఎక్కడైనా పెద్ద కుర్చీలో కూర్చోవచ్చు. ఆయన మాత్రం ఇల్లు తాకట్టు పెట్టి అకాడమీ కట్టించారు. 2008లో గచ్చిబౌలిలో అది మొదలయ్యాక తెల్లవారుజామునే కోర్టు మీదికి వచ్చి పిల్లల పాదాల కదలిక చూస్తూ నిలబడ్డారు. బ్యాడ్మింటన్‌లో కాక్ లేకుండా చేసే సాధన ఒకటుంది. కోర్టు మధ్య నుంచి ఒక్కో మూలకూ వెళ్ళి, రాకెట్ ఊపి, మళ్ళీ మధ్యకు రావాలి. చూసేవాళ్ళకు గాలితో ఆడుతున్నట్టుంటుంది. ప్రపంచస్థాయి ఆటగాళ్ళు కూడా దాన్ని వదలరు. ఎందుకంటే ఎంత గొప్ప స్మాష్ కొట్టినా మధ్యకు తిరిగి రాలేకపోతే తర్వాతి కాక్ అందదు.

సింధుకు ఆయన పెట్టిన ఒక పరీక్ష ప్రసిద్ధం. రియో ఒలింపిక్స్‌కు ముందు ఆమె ఆట అంతా ఉంది, గొంతు లేదు. పాయింటు గెలిచినా నోరు తెరవదు, ఎదుటివాళ్ళకు బెరుకు పుట్టదు. అకాడమీ కోర్టు మధ్యలో అందరి ముందూ నిలబెట్టి అరవమన్నారు. ఆమె సిగ్గుతో ఏడ్చిన సంగతి తర్వాత పత్రికల్లో వచ్చింది. 2016లో రజతం తెచ్చిన అమ్మాయి గొంతు దేశమంతా విన్నది. అంత పైకి వచ్చిన క్రీడాకారిణికి కూడా వెనక్కి వెళ్ళి వేసుకోవాల్సిన ముడి ఒకటి మిగిలి ఉంటుందని, దాన్ని కనిపెట్టే కన్ను ఒకటి పక్కన ఉండాలని ఆ సంగతి చదివినప్పుడు నాకు అర్థమైంది.

పదివేల గంటలు సాధన చేస్తే ఎవరైనా నిపుణులవుతారని ఒక మాట బాగా తిరుగుతోంది. 1993లో ఆండర్స్ ఎరిక్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మరో ఇద్దరు కలిసి బెర్లిన్‌లో వయొలిన్ విద్యార్థుల మీద చేసిన పరిశోధన దానికి ఆధారం. 2008లో మాల్కం గ్లాడ్‌వెల్ పుస్తకం వల్ల ఆ అంకె లోకమంతా పాకింది. ఎరిక్సన్ మాత్రం అంకెను అట్లా వాడటాన్ని ఒప్పుకోలేదు. గంటలు ఎన్నన్నది కాదు, ఆ గంటల్లో ఏం జరిగిందన్నదే ఆయన ప్రశ్న. తప్పెక్కడో తెలుసుకుని, దాన్నే పనిగట్టుకుని సరిచేసుకుంటూ, తెలిసిన గురువు కనుసన్నల్లో చేసే సాధన వేరు, చేసిందే మళ్ళీ చెయ్యడం వేరు. తప్పుడు భంగిమలో వెయ్యిసార్లు చేస్తే తప్పే గట్టిపడుతుంది. అట్లా గట్టిపడ్డ తప్పును పదో తరగతిలో విప్పడం ఎంత కష్టమో ఏ డ్రిల్లు మాస్టరునైనా అడగండి. కొత్తగా నేర్పడం దాని ముందు చాలా తేలిక.

ఇక్కడ మా నెల్లూరు వాళ్ళు తప్పకుండా ఒకటి అడుగుతారు. "మరి మన బాలు గారో? శాస్త్రీయంగా సంగీతం నేర్చుకోకుండానే అంత పైకి పోలేదా?" అని. అడగాల్సిన ప్రశ్నే. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం 1946 జూన్ 4న నెల్లూరు సీమలోని కోనేటమ్మపేటలో పుట్టారు. సరళి వరుసలు, జంట వరుసలు, అలంకారాలు అంటూ గురువు ముందు కూర్చుని కర్ణాటక సంగీతం నేర్చుకోలేదని ఆయనే ఎన్నోసార్లు చెప్పుకున్నారు. అయినా 'శంకరాభరణం' పాటలకు జాతీయ పురస్కారం అందుకున్నారు. పునాది లేకుండానే మేడ లేచిందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదనిపిస్తుంది.

కొంచెం దగ్గరగా చూడండి. తండ్రి సాంబమూర్తి గారు హరికథ చెప్పేవారు. మాట స్పష్టంగా ఎట్లా పలకాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, కథ చెప్పే గొంతుకు పాట పాడే గొంతుకు తేడా ఏమిటో ఆ ఇంట్లో పిల్లవాడు అక్షరాలు దిద్దకముందే వింటూ పెరిగాడు. 'శంకరాభరణం' పాటలకు కె.వి. మహదేవన్ దగ్గర సహాయకుడిగా ఉన్న పుహళేంది పక్కన కూర్చుని ఒక్కొక్క సంగతీ నేర్పి పాడించారు. బాలు గారు అప్పటికే పేరున్న గాయకుడు. ఆయన మొదటి పాఠం విద్యార్థిలా కూర్చుని నేర్చుకున్నారు, ఇంకొకాయన ఓపికగా నేర్పారు. శ్రుతి, ఉచ్చారణ, ఊపిరి, ఇవి ఆయనకున్న మూలాలు. పాఠ్యక్రమంలో రాకపోయినా వచ్చాయి. మూలం బళ్ళోనే రావాలనేం లేదని బాలు గారి జీవితం చెబుతుంది. ఎవరో ఒకరు దగ్గరుండాలన్న మాటను మాత్రం అది కాదనదు.

పనిలోకి వస్తే ఈ సంగతి ప్రాణాల దాకా పోతుంది. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ థియేటర్ల కోసం ఒక కాగితం తయారు చేసింది. అతుల్ గవాండే అనే సర్జన్ ఆ పనిని ముందుండి నడిపించారు. కాగితం మీద ఉన్నవి 19 అంశాలు. రోగి పేరేమిటి, ఆపరేషన్ ఏ చోట, మందులు పడనివి ఉన్నాయా, లోపల పెట్టిన గుడ్డల లెక్క సరిపోయిందా. వైద్య విద్యార్థికి కూడా తెలిసినవే. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లోని ఆసుపత్రుల్లో దీన్ని పెట్టి చూశారు. శస్త్రచికిత్స తర్వాత మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. అందరికీ తెలిసిన మొదటి పనులు ప్రతిసారీ, పైకి చదివి, ఒకరు అడిగితే ఇంకొకరు జవాబు చెప్పి చేశారు, అంతే.

చిన్న పని తప్పితే ఏమవుతుందో మా దగ్గర్లోనే చూశాం. మా తీరానికి దక్షిణాన శ్రీహరికోట ఉంది. రాత్రిపూట రాకెట్ ఎగిరిందంటే మా ఒడ్డు మీద నిలబడినవాళ్ళకు ఆ వెలుగు కనబడుతుంది. 1979 ఆగస్టు 10న అక్కడి నుంచి ఎగిరిన మొదటి ఎస్ఎల్‌వీ-3 కక్ష్యకు చేరకుండా బంగాళాఖాతంలో పడిపోయింది. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఒక కవాటం సరిగా పనిచెయ్యలేదు. వెనక్కి వెళ్ళి దాన్ని పట్టుకుని సరిచేశారు. 1980 జులై 18న అదే ఎస్ఎల్‌వీ-3తో రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది.

వేటలోనూ ఇదే. మా మేనమామకు ఫైబర్ బోటు ఉంది. ఒడ్డు నుంచి బోటును అలల్లోకి తోసేటప్పుడు ముక్కు అలకు నేరుగా ఉండాలి. పక్కకు తిరిగిందా, అల తిరగేస్తుంది. పెద్ద అలలు వరసగా వస్తాయి, ఆ వరస అయిపోయాక కాస్త నెమ్మదిస్తుంది, అప్పుడు తొయ్యాలి. ఆ నెమ్మది కోసం ఆగడం కుర్రవాళ్ళకు చాతకాదు. మా మామ వాళ్ళ పక్కనే నడుముల్లోతు నీళ్ళలో నిలబడి, ఇప్పుడు కాదు, ఇప్పుడు కాదు అంటూ ఆపుతాడు. ఎన్ని వేటలు చేసినా బయల్దేరే ముందు డీజిలు, ఇంజనాయిలు, ఫ్యాను పిన్ను, విడి తాడు, మంచినీళ్ళు, టార్చి, లైఫ్ జాకెట్లు చేత్తో తాకి చూస్తాడు. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ పంపే అలల హెచ్చరిక, చేపలు దొరికే చోటు వివరాలు ఇప్పుడు ఫోనుకే వస్తాయి. అవీ వింటాడు. ఆ తర్వాత ఆకాశం వంకా చూస్తాడు.

ఇప్పుడు జువ్వలదిన్నెలో ఫిషింగ్ హార్బర్ వచ్చింది. ఉప్పాడ, నిజాంపట్నం, మచిలీపట్నంతో పాటు దీనికి 2020 నవంబరు 21న శంకుస్థాపన జరిగింది. 2024 ఆగస్టు 30న ప్రధానమంత్రి మహారాష్ట్రలోని పాల్ఘర్ నుంచి దృశ్య మాధ్యమంలో ప్రారంభించారు. జెట్టీకి కట్టిన బోటును ఇసకలోంచి తొయ్యక్కర్లేదు. మరి అలల వరస లెక్కపెట్టడం ఇంకెందుకని ఒక పిల్లవాడు నన్నడిగాడు. ఆ ప్రశ్న నన్ను చాలా ఆలోచింపజేసింది. పాతదంతా మూలం కాదు. నూలు వలల కాలంలో దారం కుళ్ళకుండా చెట్ల బెరడు కషాయంలో ముంచి ఆరబెట్టేవారు. ఆ రోజుల్లో అది వదిలితే వల మిగలదు. నైలాన్ వచ్చాక ఆ పనే పోయింది, ఎవరికీ నష్టం లేదు. ముడి మాత్రం పోలేదు. అదీ మారింది. సన్నటి నైలాన్ నరం నున్నగా జారుతుంది కాబట్టి పాత ముడి నిలవదు, ఇంకో చుట్టు వేసి రెట్టింపు చెయ్యాలి. కన్ను కొలత తప్పకూడదు, ముడి జారకూడదు. ఇది మూలం. కషాయం ఆనాటి అవసరం. హార్బర్ నోట్లోంచి బోటు బయటికి పోయేటప్పుడు ముక్కు అలకు నేరుగా ఉండాల్సిందే, కాబట్టి అలలను చదవడం మూలం. ఇసకలో భుజాలతో తొయ్యడం అలవాటు. ఈ రెండింటినీ వేరుచేసి చెప్పగలిగేవాడు ఆ పనిలో బాగా నలిగినవాడే అయి ఉండాలి. పుస్తకం చూసి నేర్పేవాడు రెండింటినీ కలిపి నేర్పుతాడు, లేదా రెండింటినీ కలిపి పారేస్తాడు.

మా బాధ ఇక్కడే. పని బాగా తెలిసినవాళ్ళను మనం పై మెట్టు మీద పెడతాం. అనుభవమున్న కోచ్ రాష్ట్ర జట్టుకు వెళతాడు, కొత్తగా ఆట మొదలుపెట్టే పిల్లలకు ఎవరు దొరికితే వాళ్ళు. లెక్కలు బాగా చెప్పే మాస్టారు పదో తరగతికి, రెండో తరగతికి నిన్నగాక మొన్న వచ్చినవారు. పైనున్న పిల్లల మార్కులు, పతకాలు కనబడతాయి. కిందనున్న పిల్లల చేతివేళ్ళు ఎవరికీ కనబడవు. నా మాట వింటే ఇది తిరగబడాలి. ఒక మండలంలో ఉన్న అందరికన్నా మంచి ఉపాధ్యాయుడు ఒకటో తరగతిలో ఉండాలి. ఒక జిల్లాలో ఉన్న అందరికన్నా మంచి కోచ్ వారానికి రెండు రోజులైనా పదేళ్ళ పిల్లల దగ్గర ఉండాలి.

కేంద్రం 2021 జులై 5న నిపుణ్ భారత్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. 2026-27 నాటికి మూడో తరగతి పూర్తిచేసే ప్రతి బిడ్డకూ అర్థమయ్యేలా చదవడం, చిన్న లెక్కలు చెయ్యడం వచ్చి ఉండాలన్నది లక్ష్యం. చదవడం, కూడటం, తీసివెయ్యడం. దేశం మొత్తానికి ఒక ఉద్యమంగా ఇది పెట్టుకోవాల్సి వచ్చిందంటే మొదటి మెట్టు ఎంతమందికి తప్పిపోయిందో ఆలోచించండి. మా పాలెం ఆడవాళ్ళనే చూడండి. చేప తాజాదనం చూడటంలో వాళ్ళను మించినవాళ్ళు లేరు. మొప్ప ఎర్రగా ఉందా, కన్ను ఉబ్బి తేటగా ఉందా, వేలుతో నొక్కితే కండ వెంటనే పైకి లేస్తుందా, మూడు చూపుల్లో ధర చెప్పేస్తారు. అదే మనిషి నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇరవై వేలు తెచ్చి, "మూడు రూపాయలేగా" అనుకుంటుంది. నెలకు 600, ఏడాదికి 7,200. నూటికి ఏటా 36. ఈ చిన్న గుణకారం పక్కన కూర్చుని చేయించినవాళ్ళు లేక ఎన్ని కుటుంబాలు ఏళ్ళ తరబడి వడ్డీలు కడుతున్నాయో నేను దగ్గర నుంచి చూశాను. చేప చూడటం వాళ్ళకు అమ్మ నేర్పింది, చెయ్యి పట్టుకుని గంప ముందు కూర్చోబెట్టి. లెక్క ఎవరూ అట్లా నేర్పలేదు. అందుకే మా కబడ్డీ పిల్లలకు స్కోరుతో పాటు వడ్డీ లెక్క కూడా చేయిస్తాను. బోనస్ పాయింట్లు కలిపేటప్పుడు నోటితో లెక్క వేసే పిల్లకు ఇది భారం కాదు.

తల్లిదండ్రులు పిల్లను ఏ ఆటకు పంపాలన్నా, ఏ విద్య నేర్పించాలన్నా, అక్కడ గెలిచిన కప్పులు చూసి నిర్ణయించకండి. ఒక సాయంత్రం వెళ్ళి గట్టు మీద కూర్చోండి. పెద్ద మాస్టారు ఎవరి దగ్గర నిలబడ్డాడో చూడండి. బాగా ఆడే పిల్లల దగ్గరే ఉండి, కొత్తవాళ్ళను పరుగు పెట్టమని వదిలేస్తే ఇంకోచోటు వెతుక్కోండి. తప్పు చేసిన పిల్లతో ఏం మాట్లాడుతున్నాడో వినండి. "సరిగ్గా చెయ్" అన్నది పాఠం కాదు. "ఎడమకాలు ఇంకో జానెడు వెనక్కి" అన్నది పాఠం. పిల్ల ఇంటికొచ్చాక "గెలిచావా?" అని కాకుండా "ఇవాళ మీ మేడం ఏం సరిదిద్దింది?" అని అడగండి. జవాబు ఉంటే పంపుతూ ఉండండి.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్లకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. బోట్లు ఒడ్డున ఉంటాయి, మగవాళ్ళు ఇంజన్లు విప్పుతారు, వలలు పందిట్లో పరుస్తారు. ఏడాదికొకసారి అందరూ మొదటి పనికి వచ్చే రోజులు అవి. బడి సెలవులు కూడా దాదాపు అప్పుడే. ఆ సెలవుల్లో మా ఊళ్ళో ఆడపిల్లలకు కబడ్డీ శిబిరం పెడుతున్నాను. జిల్లా స్థాయిలో ఆడిన పెద్దపిల్లలకు ఒక షరతు పెట్టాను. ఒక్కొక్కరు ఇద్దరు చిన్నపిల్లలను తీసుకుని నిలబడటం, జరగటం, పట్టు నేర్పాలి. ఆ ఇద్దరి కాళ్ళు కుదిరాకే వాళ్ళ సొంత ఆట. వాళ్ళు మొదట మూతి ముడిచారు. నేర్పడం మొదలుపెట్టాక తమ కాళ్ళ వంక తామే చూసుకుంటారు. మొదటి రెండు వారాలు మ్యాచ్ ఉండదని ముందే చెబుతున్నాను.

పొద్దున ఆరింటికి, ఎండ ముదరకముందు, రచ్చబండ పక్కన ఖాళీ స్థలంలో. బూట్లు లేకపోయినా రండి. గోళ్ళు మాత్రం కత్తిరించుకుని రావాలి, అది కబడ్డీ నిబంధన. కత్తిరించుకోని వాళ్ళను కోర్టులోకి రానివ్వను.